అభయమనగా నేమి?

దానములన్నింటిలో అభయదానము గొప్పదని పెద్దలు చెప్పుదురు. అన్నదానమున ఎదుటివాని ఆకలి కనబడును. వస్త్రదానమున చలి కనబడును. విస్తరి వడ్డించినచో అన్నము చేరినట్లే, బట్ట కప్పినచో వస్త్రము చేరినట్లే. అభయము అట్టిది కాదు. ఇచ్చితినని ఇచ్చువాడు తలచినంత మాత్రమున అది పుచ్చుకొనువానికి చేరదు. భయపడినవాడు తనంతట తాను భయమును విడిచిననాడే ఆ దానము పూర్తియగును. అంతవరకు దాత చేయగలిగినది చాల స్వల్పము. ఈ సంగతి వేదాంతచర్చల వలన కంటె, బెదరిన చిన్న కుక్క యొకటి యింట అడుగుపెట్టిననాడు తేటగా బోధపడును.

విశాఖపట్టణము శబ్దముల నగరము. 1933లో నౌకాశ్రయము తెరచిననాటి నుండి ఓడల కూతలు ఈ ఊరికి అలవాటు. 1971లో శంకుస్థాపన జరిగి 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారము గాజువాక ప్రాంతమునకు లారీల రొదను, షిఫ్టుల రాకపోకలను తెచ్చినది. వీనికి తోడు నౌకాదళ విమానములు. పుట్టి పెరిగినవారి చెవికి ఇవి వినబడనే వినబడవు. మానవుని చెవి సుమారు 20,000 హెర్ట్జుల వరకు వినగా, కుక్క చెవి 40,000 దాటి వినును. గోడకు ఆవల మనుష్యులెవ్వరికి తెలియని కీచుధ్వని దానికి తెలియును.

ఈ నగరమున దిక్కులేని జంతువులకు ఆశ్రయమిచ్చుటకు 1990ల నుండి కృషి చేయుచున్నవారున్నారు. విశాఖ సొసైటీ ఫర్ ప్రొటెక్షన్ అండ్ కేర్ ఆఫ్ యానిమల్స్ అట్టిది. ఇట్టి ఆశ్రయములకు వీధికుక్కలే గాక, ఒకప్పుడు ముచ్చటపడి కొనబడి పిమ్మట విడువబడిన పొమెరేనియన్లు, పగ్గులు కూడ చేరుచుండును. టెలిఫోను కంపెనీ ప్రకటనలో పగ్గు కనబడిన తరువాత 2003 నుండి ఆ జాతిపై జనులకు మోజు పెరిగెను. మోజు తీరినవారు వాకిలి మూసికొనిరి. అట్టి కుక్కను ఒక కుటుంబము జాలితో తెచ్చుకొనుట మెచ్చదగిన పనియే. చిక్కు అంతయు తెచ్చిన మరునిమిషమున మొదలగును.

మూడవ అంతస్తున వాటాలో కాపురమున్న ఒక కుటుంబమును తలచుకొనవచ్చును. కుక్క వచ్చినదని పిల్లలు కేరింతలు కొట్టుదురు. ఎదురింటివారు చూడవత్తురు. ఒకరు ఎత్తుకొందురు, ఒకరు తల నిమురుదురు, ఒకరు బిస్కత్తు మూతికి ఆనింతురు. కుక్క తోక కాళ్ల సందున ముడుచుకొని, పెదవులు నాకుకొనుచు, ఆవులించుచు, మొగము పక్కకు త్రిప్పుకొనుచు, కంటి తెలుపు కనబడునట్లు ఓరగా చూచుచుండును. ఆవులింతను చూచి నిద్ర వచ్చినదనుకొందురు. అది నిద్ర కాదు, గుండెదడ. చివరకది మంచము క్రింద దూరును. చేయి పెట్టి లాగినచో కరచును. అప్పుడు ఇంటి యజమాని నోట వచ్చు మాట ఒక్కటే: “ఇంత ప్రేమగా చూచితిమి, దీనికి విశ్వాసము లేదు.”

ఈ మాటలోనే అసలు ప్రశ్న ఇమిడియున్నది. ఆ యింటివారు కుక్కను కొట్టలేదు. కొట్టినవారు వేరు. భయమును పుట్టించినవాడొకడు, దాని ఫలము అనుభవించువాడు మరొకడు. ఒకరు చేసిన అప్పును మరొకరేల తీర్చవలయును?

మహాభారతము ఆదిపర్వారంభమున సరమ కథ కలదు. జనమేజయుడు కురుక్షేత్రమున సత్రయాగము చేయుచుండగా ఒక కుక్కపిల్ల అచ్చటికి వచ్చెను. అది హవిస్సును ముట్టలేదు, చూడనైన లేదు. రాజు తమ్ములు దానిని కొట్టిరి. అది ఏడ్చుచు తల్లి సరమ కడకు పోయెను. సరమ వచ్చి, తప్పు చేయని నా బిడ్డనేల కొట్టితిరని అడుగగా బదులు చెప్పినవారు లేరు. అప్పుడామె శపించెను. ఆ శాపము మరణము కాదు, రాజ్యనాశము కాదు. ఊహింపని చోటనుండి భయము వచ్చునని మాత్రమే. కుక్కపిల్ల పడిన స్థితి యేదో అదియే రాజునకు సంక్రమించెను. ఇందు గమనింపదగినది మరొకటి ఉన్నది. కొట్టినది తమ్ములు, శాపము తగిలినది జనమేజయునకు. ఆయన నేను కొట్టలేదే యని వాదింపలేదు. కలతపడి, శాంతి చేయింపగల పురోహితుని వెదకికొనుచు బయలుదేరెను. కథలోని ఈ భాగమును పురాణము చెప్పువారు త్వరగా దాటిపోవుదురు గాని, ధర్మసూక్ష్మమిచ్చటనే ఉన్నది. తన నీడలో జరిగిన దానికి తాను బాధ్యుడనని ఒప్పుకొనుటయే రాజత్వము. మనుష్యజాతి నీడలో కుక్క పదివేల ఏండ్లకు పైబడి బ్రదుకుచున్నది. దానికి మనుష్యులందరు ఒక్క జాతియే; ఎత్తిన చేయి ఎవరిదైనను చేయియే. కావున అప్పు ఎవరు చేసినను, అది వచ్చి చేరిన గడపవారు తీర్చవలసినదే.

తీర్చుట ఎట్లు? ప్రేమను కుమ్మరించుట వలన కాదు. చేయవలసిన దానికంటె మానవలసినదే ఎక్కువ. ఒక మూలను దానికి విడిచిపెట్టి, పాతదుప్పటి పరచి, నీరు దగ్గరనుంచి, అది అందున్నంతసేపు ఎవ్వరును చేయి పెట్టకుండుట మొదటి పని. తొలినాడే స్నానము చేయింపరాదు. చుట్టములను పిలువరాదు. ఎదురుగా నిలిచి వంగి చూడక, పక్కకు తిరిగి నేలపై కూర్చుండవలయును. అన్నము ఒకే వేళకు, ఒకే చోట పెట్టవలయును. వాకిలి తీయునపుడు జాగ్రత్త ముఖ్యము, ఏలయన బెదరిన కుక్క తొలివారములలో సందు దొరికినచో పరుగెత్తును, తిరిగి వచ్చుటకు దానికి దారి తెలియదు. మూడు దినములు దిగ్భ్రమ, మూడు వారములు అలవాటు, మూడు నెలలకు ఇల్లు తనదను నమ్మకము అని పెంపకదారులు ఒక లెక్క చెప్పుదురు. లెక్క స్థూలమే, కొన్నిటికి ఏడాది పట్టును. కుక్కరు కూతకు వణకు కుక్కను దగ్గరకు తీసినచో భయము ముదురునను మాట పూర్వము శిక్షకులలో ఉండెడిది. అది సరికాదు. తానై చెంతకు వచ్చిన ప్రాణిని ఓదార్చుట వలన భయము పెరుగదు. తానై వచ్చుట అన్నదే ముఖ్యము.

ఇట్టి యింట ఉదయము నాయనమ్మ ఎడమ అరచేత ఇష్టలింగముంచుకొని పూజకు కూర్చుండును. చూపు లింగముపైననే. మాట లేదు, కదలిక లేదు. కుటుంబమంతయు పిలిచి పిలిచి విసిగిన ఆ కుక్క, మంచము క్రిందినుండి మొట్టమొదట బయటకు వచ్చునది ఆమె ఉన్న గదివైపే అయినచో ఆశ్చర్యపడ నక్కరలేదు. తనవంక చూడనివారి కడనే బెదరిన జంతువు ధైర్యము తెచ్చుకొనును. గడప దాటి పూజకడకు రానీయకుండుట ఇంటి ఆచారము. అందు తప్పు లేదు. హద్దు ఏర్పరచుట వేరు, ఛీకొట్టుట వేరు. హద్దు ప్రతిదినము ఒకే చోటనున్నచో కుక్కకు అది ఊరటయే. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున కల్లిదేవయ్య కుక్కచేత వేదము పలికించిన కథను చెప్పెను. ఆ కథ విన్న యిండ్లలో కుక్క యను మాట తిట్టుగా వినబడరాదు.

బసవేశ్వరుడు దానమునకు బదులు దాసోహమును నిలిపెను. దానమున ఇచ్చితినను అహము మిగులును. దాసోహమున అది మిగులరాదు. విశ్వాసము లేదని కుక్కను నిందించు యజమాని తెలియకయే వడ్డీ అడుగుచున్నాడు. పెట్టిన అన్నమునకు తోక ఊపు చూడగోరుట సహజమే, కాని ఆ కోరిక కనబడినంతకాలము బెదరిన ప్రాణి దగ్గరకు రాదు. అహమును జంతువు పసిగట్టునా యని నవ్వువారుందురు. అహమును కాదు, ఆత్రమును పసిగట్టును. రెంటికి దూరము తక్కువ.

ఆహార విషయమున శాకాహార కుటుంబములకు సంకోచముండును. కుక్క పిల్లివంటిది కాదు. అది పిండిపదార్థమును అరిగించుకొనగలదు. మనుష్యులతో బ్రదుకుటచే తోడేలుకు అంతగా లేని ఆ శక్తి దానికి అలవడినదని 2013లో నేచర్ పత్రికలో వెలువడిన పరిశోధన చూపినది. అయినను పెరుగన్నము మాత్రమే చాలదు; మాంసకృత్తులు తగినంత ఉండునట్లు పశువైద్యుని అడిగి ఏర్పరచవలయును. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్టు పెట్టరాదు. రేబిస్ టీకా తప్పనిసరి. ఇంతకు సిద్ధపడలేనివారు తెచ్చుకొనకుండుటయే దయ.

పిల్లలను వీధికుక్కలు కరచుచుండగా ఈ లాలన ఏమిటని అడుగువారి బాధ అబద్ధము కాదు. 2025 ఆగష్టులో సుప్రీంకోర్టు వరకు పోయిన వివాదమది. కాని బజారున విడువబడిన ప్రతి పెంపుడుకుక్కయు ఆ సమస్యకు చేర్పే. ఒకదానిని వాకిట నిలుపుకొనువాడు వీధికి ఆపాటి ఉపకారము చేసినవాడే.

దీపావళి ఇట్టి యిండ్లకు పరీక్ష. కిటికీలు మూసి, పెందలకడ బయట త్రిప్పి తెచ్చి, లోపలిగదిలో ఒకరు తోడుండవలయును. భయము మితిమీరునదైనచో వైద్యుని పండుగకు ముందే చూడవలయును. విశాఖ ఒక్క యేడు నిశ్శబ్ద దీపావళిని చూచినది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విరుచుకొనిపడగా, పదునొకండు దినములకు పండుగ వచ్చెను. కూలిన చెట్ల ఎండుకొమ్మలు వీధులనిండ నుండుటచే నిప్పు అంటుకొనునని బాణసంచా కాల్చవద్దని ప్రభుత్వము కోరెను. మనుష్యులు భయపడిన ఆ సంవత్సరము మంచముల క్రింది కుక్కలకు భయము లేకపోయెను.

కొన్ని కుక్కలు ఎన్నటికిని ఒడిలోనికి రావు. మూడేండ్లు గడిచినను చేయెత్తినచో తల వంచును. క్రొత్తవారు వచ్చినచో మూలకు పోవును. అది పెంచినవారి ఓటమి కాదు. రాత్రి దీపములార్పిన పిదప అది మంచము క్రింద గాక, గది నడుమ, కాళ్లు చాచి, పక్కకు ఒరిగి, పొట్ట కనబడునట్లు నిద్రపోవుచున్నదా యని చూచిన చాలును.