ఖాళీ చేసిన చోటు

1970 ప్రపంచకప్ ఫైనల్‌లో ఇటలీపై బ్రెజిల్ నాలుగో గోల్ కార్లోస్ ఆల్బెర్టో పేరున ఉంది. కానీ దానికి దారి వేసింది జైర్జిన్యో. కుడి అంచున ఆడే అతను ఎడమవైపు జరిగాడు. మనిషికి మనిషిని కాపలా పెట్టే ఇటలీ పద్ధతి వల్ల వాళ్ల డిఫెండర్ ఫక్కెట్టి అతని వెంటే వెళ్లాడు. కుడివైపు ఖాళీ అయింది. పీలే బంతిని అటే, దూసుకొచ్చిన ఆల్బెర్టోకు నెట్టాడు. గీత చెప్పే ఫలత్యాగం నాకు ఇక్కడే స్పష్టంగా కనిపిస్తుంది.

గెలవాలనే కోరికే కదా జైర్జిన్యోను నడిపింది, ఇక త్యాగమెక్కడ అనవచ్చు. బలమైన ఆక్షేపణే. అయితే గీత లక్ష్యాన్ని వదలమనలేదు, అర్జునుణ్ణి యుద్ధం మానమనలేదు. ఫలం నాదే అన్న పట్టును వదలమంది. ఆ టోర్నీలో ప్రతి మ్యాచ్‌లోనూ గోల్ కొట్టిన ఆటగాడు ఆ క్షణంలో గోల్‌కు దారిని మరొకరికి విడిచాడు. కోచ్ వ్యూహమే అనుకున్నా, దాన్ని మనస్ఫూర్తిగా పాటించాల్సింది అతనే.