ఇంట్లో పాము: చంపే ముందు తెలుసుకోవడం మన బాధ్యత కాదా?

హైదరాబాద్ నుండి శ్రీశైలం వెళ్ళే రహదారిపై, నల్లమల అడవి అంచున ఉన్న ఊరు మన్ననూర్. నాగర్‌కర్నూల్ జిల్లాలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి అది ముఖద్వారం. రాత్రివేళ అక్కడి అటవీ చెక్‌పోస్టు వద్ద వాహనాలను నిలిపివేస్తారు. కానీ పాములకు చెక్‌పోస్టు ఎక్కడిది? వర్షాకాలం వచ్చిందంటే అవి పెరట్లోకీ, వంటింట్లోకీ వస్తుంటాయి.

ఆ ప్రాంతానికి చెందిన ఒక కుటుంబం మా ముందు ఒక ప్రశ్న ఉంచింది. ఇషా నమాజు తర్వాత వారి ఇంట్లో బియ్యం బస్తాల వెనుక పొడవాటి పాము కనిపించింది. ఇంట్లోని యువకుడు కర్రతో కొట్టి చంపాడు. తెల్లవారి చూసినవారు అది విషం లేని జెర్రిపోతు అని చెప్పారు. అప్పుడు తాతగారు, "బేటా, ఇంట్లోని పామును మూడు రోజులు హెచ్చరించాలని హదీసులో ఉంది కదా, ఎందుకు తొందరపడ్డావు?" అన్నారు. దానికి మనవడు, "దాదా, పాములను చంపమని కూడా హదీసులోనే ఉంది కదా. పక్క గదిలో పసిబిడ్డ పడుకొని ఉంది. నేనేం చేయాలి?" అన్నాడు.

ఇద్దరి మాటల్లోనూ సత్యం ఉంది. వాస్తవానికి సరిగ్గా ఇలాంటి సంభాషణే సహాబాల మధ్య కూడా జరిగింది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఒక పామును చంపడానికి వెంటాడుతుండగా హజ్రత్ అబూ లుబాబా (రజి) వారించారు. పాములను చంపమని దైవప్రవక్త (స) ఆదేశించారు కదా అని వారంటే, ఇళ్ళలో ఉండే పాములను చంపరాదని ఆ తర్వాత ఆయన (స) నిషేధించారని వీరు తెలిపారు (బుఖారీ). అయితే వీపుపై రెండు చారలు గల పాము, తోక పొట్టిగా ఉండే పాము అనే రెండు ప్రమాదకరమైన రకాలను చంపమన్న ఆదేశం కూడా హదీసుల్లో ఉంది. హెచ్చరిక ఆదేశం మదీనా ఇళ్ళకే ప్రత్యేకమని కొందరు ఉలమాలు, అన్ని ఇళ్ళకూ వర్తిస్తుందని మరికొందరు అభిప్రాయపడ్డారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. దైవప్రవక్త (స) పాములన్నింటినీ ఒకే గాటన కట్టలేదు. చారలను బట్టి, తోకను బట్టి వేరుచేసి చెప్పారు. అంటే పామును గుర్తించడం ధార్మిక ఆదేశంలోనే ఇమిడి ఉన్న విషయమన్నమాట.

ఖందక్ యుద్ధ సమయంలో జరిగిన సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది. కొత్తగా పెళ్ళయిన ఒక అన్సారీ యువకుడు అనుమతి తీసుకొని ఇంటికి వచ్చాడు. భార్య గడప వద్ద నిలబడి ఉండటం చూసి రోషంతో బల్లెం ఎత్తాడు. బల్లెం దించి లోపలికి వెళ్ళి చూడమంది ఆమె. లోపల పడకపై పెద్ద పాము చుట్టుకొని ఉంది. దాన్ని బల్లెంతో పొడిచాడు. పాము గిలగిల కొట్టుకుంది. ఆ యువకుడూ మరణించాడు. ఎవరు ముందు చనిపోయారో తెలియలేదు. మూడు రోజుల హెచ్చరిక గురించిన ఆదేశం ఆ సందర్భంలోనే వచ్చింది.

ఆ సహాబీని తప్పుపట్టే అర్హత మనకు లేదు. ఆదేశం తర్వాతనే వచ్చింది. కాని మనకు అందులో గుణపాఠం ఉంది. ఆ రోజు బల్లెం రెండుసార్లు లేచింది. మొదటిసారి "చూడు" అని చెప్పేవారు ఉన్నారు కనుక ఒక నిర్దోషి ప్రాణం నిలిచింది. రెండోసారి అలా చెప్పేవారు లేరు. తెలియని దాని వెంట పడకూడదనీ, చెవి, కన్ను, హృదయం అన్నింటి గురించీ విచారణ ఉంటుందనీ దివ్యఖుర్ఆన్ (17:36) హెచ్చరిస్తోంది. కన్నును ఇచ్చిన ప్రభువు దానితో చూశావా లేదా అని అడగడా?

మరి ఏమి చూడాలి? మన ప్రాంతంలో ప్రాణం తీసే పాములు ముఖ్యంగా నాలుగు. పడగ విప్పేది నాగుపాము. నిగనిగలాడే నల్లని ఒంటిపై సన్నని తెల్ల కట్లు ఉండేది కట్లపాము. దాని కట్లు తల దగ్గర మసకగా, తోక వైపు స్పష్టంగా ఉంటాయి. బలిసిన ఒంటిపై గొలుసులాంటి మూడు వరుసల మచ్చలతో, గట్టిగా బుసకొట్టేది రక్తపింజర. నాలుగోది గరుకు పొలుసులను రాపాడించి చప్పుడు చేసే చిన్న పింజర. జెర్రిపోతు, నీటిపాము, రెండు తలల పాము విషసర్పాలు కావు.

జెర్రిపోతు మన ఇంటికి ఎందుకు వచ్చింది? బియ్యం కోసం ఎలుక వచ్చింది, ఎలుక కోసం పాము వచ్చింది. అంటే దాన్ని పిలిచింది మనమే.

అయితే దయ పేరుతో అజాగ్రత్త తగదు. 2000 నుండి 2019 వరకు మన దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో మరణించారని 2020లో వెలువడిన ఒక పరిశోధన అంచనా వేసింది. కట్లపాము రాత్రివేళ నేలపై పడుకున్నవారిని కాటేస్తుంది. నొప్పి కూడా అంతగా తెలియదు. దాన్ని "ఏమీ చేయదులే" అని పసిబిడ్డ ఉన్న ఇంట్లో వదిలేయడం కూడా అజ్ఞానమే, అదీ దోషమే.

కనుక గుర్తించలేనప్పుడు విషసర్పమనే భావించాలి. దాని అర్థం కర్ర అందుకోవాలని కాదు, దూరం జరగాలని. కర్రతో దగ్గరకు వెళ్ళినవాడే కాటుకు అందుతాడు. పిల్లలనూ, వృద్ధులనూ బయటికి పంపి, పాము ఎటు వెళ్తుందో దూరం నుండి గమనిస్తూ, అటవీ సిబ్బందికో, శిక్షణ పొందిన పాములు పట్టేవారికో కబురు చేయాలి. తెలియనప్పుడు తెలిసినవారిని అడగమన్న ఖుర్ఆన్ బోధనకు ఇది ఆచరణ రూపం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పాములకు రక్షణ కల్పిస్తోంది. ఆత్మరక్షణ కోసం సదుద్దేశంతో చంపితే నేరంగా పరిగణించదు. షరీఅత్ కూడా ప్రాణరక్షణకు అనుమతిస్తుంది. వేరే దారి ఉన్నప్పుడు ఆ అనుమతిని సాకుగా వాడుకోకూడదు.

కాటు పడితే కట్లు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం చేయకూడదు. కాటు పడిన అవయవాన్ని కదలనివ్వకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఫాతిహా చదివి ఊదడం హదీసు ద్వారా రుజువైనదే. కాని అది దారిలో, వాహనంలో కూడా చదవవచ్చు. ఒంటెను కట్టివేసి ఆ తర్వాత అల్లాహ్‌పై భరోసా ఉంచమన్నది ప్రవక్త (స) బోధన.

ఇక ఆ యువకునికి మా సమాధానం: బిడ్డ ప్రాణం కోసం భయపడి చేసిన పనికి నిన్ను నిందించము. అల్లాహ్ సంకల్పాలను ఎరిగినవాడు. కాని నిన్న తెలియకపోవడం సాకు కావచ్చు, నేడు తెలిశాక అది సాకు కాదు. బస్తాల వెనుక శుభ్రం చెయ్యి, గోడ కన్నాలు పూడ్చు, రాత్రి టార్చిలైటు పట్టుకొని నడువు, నేల మీద కాక మంచంపై దోమతెర కట్టి బిడ్డను పడుకోబెట్టు.

మినాలోని ఒక గుహలో సూరహ్ ముర్సలాత్ అవతరించిన సమయంలో ఒక పాము బయటికి వచ్చింది. చంపమని దైవప్రవక్త (స) చెప్పారు, సహాబాలు పరుగెత్తారు. కాని అది తప్పించుకుంది. అప్పుడు ఆయన (స), మీరు దాని కీడు నుండి రక్షించబడినట్లే అదీ మీ కీడు నుండి రక్షించబడింది అన్న భావంలో సెలవిచ్చారు (బుఖారీ). పాము కాటుకూ, మన దెబ్బకూ ఆయన ఒకే పదం వాడారు. చంపవలసి వచ్చిన చోట కూడా, ఆ ప్రాణి వైపు నుండి చూస్తే మన చెయ్యి కీడే అని ఆయన మరువలేదు, మనలనూ మరువనివ్వలేదు.

అల్లాహ్ మన ఇళ్ళను ప్రతి కీడు నుండి కాపాడుగాక! మన చేతుల కీడు నుండి ఆయన సృష్టిని కూడా కాపాడుగాక! ఆమీన్.