తమ్ముడి బిళ్లలు, నీ చదువు



తమ్ముడికి మళ్లీ ఫిట్స్ వచ్చాయనీ, హాస్టల్ వాళ్లు ఇంటికి పంపేశారనీ, వాణ్ని కనిపెట్టుకుని ఉండడానికి ఇంటర్ మానేసి వచ్చేస్తాననీ రాశావు. నీ మనసు మంచిదే. నీ ఆలోచన మాత్రం మంచిది కాదు. ఎందుకో లెక్క వేసి చెబుతాను. లెక్కల మాస్టారిని కదా, నాకు సలహా చెప్పడం కూడా అలాగే వచ్చు.

ముందు మందు ఖరీదు చూడు. మనవాళ్లు గార్డినాల్ అనే ఫినోబార్బిటోన్ బిళ్ల చాలా పాతది, చవక. ఇలాంటి మందుతో మనిషికి ఏడాదికి 5 డాలర్లతోనే వైద్యం జరపొచ్చనీ, సరిగ్గా వాడితే నూటికి 70 మంది దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మరి 2001లో ఎపిలెప్సియా అనే వైద్య పత్రికలో మన దేశం లెక్క ఒకటి వచ్చింది. మందు, దారి ఖర్చు, పోయిన పనిరోజులు అన్నీ కలిపితే ఒక్కొక్క రోగికి ఏడాదికి 13,755 రూపాయలు అవుతోందట. అంటే అప్పటి తలసరి జాతీయాదాయంలో 88 శాతం! ఎక్కడి బిళ్లలు, ఎక్కడి ఖర్చు?

మీ ఇంటినే తీసుకో. వాణ్ని విశాఖలో చూపించాలంటే ఊరి నుంచి రోడ్డు దాకా నడక, అక్కణ్నుంచి అరకుకి జీపు, అరకు నుంచి ఇంకో 115 కిలోమీటర్లు. ఓపీ వేళకి అందకపోతే ఆ రాత్రి బస్టాండులోనే. ఇద్దరు పెద్దవాళ్లకి రెండేసి రోజుల కూలి గోవిందా. అది కాఫీ పళ్లు కోసే రోజుల్లో పడిందంటే పండంతా తోటలో రాలిపోతుంది. ఇటు ఊళ్లో మంత్రం వేసే గురువు ముందు కోడి అడుగుతాడు, తగ్గకపోతే మేక. మేక కోసం షావుకారి దగ్గర పసుపు మీద అప్పు. ఆ అప్పు ఉన్నన్నాళ్లూ పసుపు సంతలో అతను చెప్పిన ధరకే పోతుంది. ఇందులో ఒక్క రూపాయీ ఆసుపత్రి లెక్కలోకి రాదు.

గురువుతో తగువు పెట్టుకోకు. అమ్మ ధైర్యం కోసం ఓ తాడు కట్టించుకుంటే నష్టం లేదు, బిళ్ల ఆగకుండా ఉంటే చాలు. ఈ జబ్బు గాలీ కాదు, శాపమూ కాదు. నోటి నురగ తగిలితే అంటుకునేదీ కాదు. మెదడుకెక్కిన మలేరియా, కాన్పు కష్టమై బిడ్డకి ఊపిరి అందకపోవడం, బద్దెపురుగు గుడ్లు మురికి చేతుల వల్లా నీళ్ల వల్లా లోపలికి పోయి మెదడులో తిత్తులు కట్టడం, ఇలాంటివి కారణాలు. చాలామందిలో కారణం దొరకదు కూడా. దొరక్కపోయినా మందు పనిచేస్తుంది.

ఈసారి ఎందుకొచ్చాయో నీ ఉత్తరంలోనే ఉంది. వానలకి దారి తెగి, పది రోజులు బిళ్లలు లేవన్నావు. ఈ మందు ఠక్కున ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి కూడా తేవచ్చు. ఫిట్స్ లేకుండా కనీసం రెండేళ్లు గడిచాక, డాక్టరు చెబితేనే, మెల్లమెల్లగా తగ్గించాలి. కాబట్టి వాడికి కావలసింది కాపలా అక్క కాదు, వానాకాలానికి ముందే రెండు నెలల బిళ్లలు. ఆశా కార్యకర్తతో మాట్లాడు. రోజూ రాత్రి ఫోన్ చేసి "వేసుకున్నావా?" అని అడుగు. అది కాలేజీలో ఉండి కూడా చేయొచ్చు.

హాస్టల్ సంగతి. హాస్టల్ బడిలో ఉంటే వాడికి రెండు పూటలా భోజనం, పడక, పుస్తకాలు ఉంటాయి. ఇంటికి పంపేస్తే ఆ ఖర్చంతా మీ నాన్న మీద పడుతుంది. ఊరికే కూర్చోబెట్టలేక ఆవుల వెంట పంపుతారు. గెడ్డ ఒడ్డున ఒంటరిగా ఉన్నప్పుడు ఫిట్స్ వస్తే? ఇంట్లో పొయ్యి దగ్గర వస్తే? వాడికి బడే క్షేమం. 2009 విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి తీసేయకూడదు. వాడింకా ఆరో తరగతే కదా. అయితే చట్టం చూపించి గొడవ పడకు. ఆ వార్డెన్‌కి ఉన్నది భయం, ద్వేషం కాదు. ఏం చేయాలో కాగితం మీద రాసివ్వు: పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టాలి, నోట్లో చెంచా పెట్టకూడదు, నీళ్లు పోయకూడదు, చేతిలో తాళాలు పెట్టి లాభం లేదు, 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. ఇంకోటి, వాడు తరగతిలో తూగుతున్నాడంటే మొద్దని కాదు, ఆ బిళ్లకి మత్తు ఉంటుంది. డాక్టరుకి చెబితే మోతాదైనా మందైనా మారుస్తారు.

ఈ సంగతి బయటపడితే నీకు సంబంధాలు రావని అమ్మ భయం. హిందూ వివాహ చట్టంలో పెళ్లికి అడ్డుగా రాసిన మూర్ఛ, అంటే ఈ ఫిట్స్, అన్న మాటని 1999లోనే తీసేశారు. కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప ఆ చట్టం మన గిరిజనులకి వర్తించదనుకో, మన దగ్గర పెద్దల మాటే చెల్లుతుంది. అందుకే ఆ పెద్దలకి నువ్వే చెప్పు. దాచాలనుకునే ఇంట్లో పిల్లాడి బిళ్లలు కూడా దాచిదాచి వేస్తారు, అప్పుడే మందు మానేయడం మొదలవుతుంది.

ఇక నీ విషయం. ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా ముందు ఆడపిల్ల చదువే ఆగడం నా సర్వీసంతా చూశాను. ఎవరూ బలవంతం చేయరు, తనంతట తనే ఆగిపోతుంది, అందరూ బంగారు తల్లి అంటారు. నేను అనను. రేపు నువ్వు నర్సువో టీచరువో అయితే వాడి మందుకి ఎవరి అప్పూ అక్కర్లేదు.

డాక్టరు చీటీ జెరాక్స్ తీయించి పంపు, వార్డెన్ దగ్గరికి మీ నాన్నతో నేను వెళ్తాను. నువ్వు మాత్రం ఊరికి రావద్దు. పరీక్ష ఫీజు గడువు దాటకముందే కట్టి, రసీదు ఫోటో నాకు పెట్టు.

మీ మాస్టారు