పిట్టల సంగతి మనకేల?

ధ్యానభాగములు: ఆదికాండము 2:15–20, ద్వితీయోపదేశకాండము 22:6–7, యోవేలు 1:17–20



ఒక వేసవి సెలవులలో మా సంఘములోని కొన్ని కుటుంబములు పిల్లలను వెంటబెట్టుకొని మైసూరు వెళ్లినవి. రాజభవనము చూడవలెనని అందరి కోరిక. అయితే ఆదివారబడి పిల్లలకు మరియొక స్థలమును కూడ చూపవలెనని, కారంజి చెరువు గట్టుననున్న ప్రకృతి శాస్త్ర మ్యూజియమునకు వారిని తీసికొనిపోతిమి. అది 1995లో తెరువబడినది. అడవులును, వాటిలో నివసించు జంతువులును, పక్షులును, పురుగులును ఎట్లుండునో అక్కడ అద్దముల వెనుక అమర్చి చూపుచున్నారు. పిల్లలు చేతితో తాకి తెలిసికొనుటకు ఒక గది కలదు. సెలవులలో పిల్లలకు ప్రకృతి పాఠములు చెప్పు ఏర్పాటును కలదు. మా పిల్లలు ఒక్కొక్క అద్దము ముందర నిలిచి, పేర్లు పైకి చదువుచు, "ఇది మన గుట్టమీద కూడా ఉండాది" అని ఒకరితోనొకరు చెప్పుకొనుచుండగా పెద్దలకును సంతోషమాయెను.

బయటికి వచ్చి, చెట్టు నీడను కూర్చుండి సద్దిమూటలు విప్పుచుండగా ఒక తల్లి నన్నడిగెను: "అయ్యగారూ, మన ఊర్లో మనుషులకే తాగేకి నీళ్లు లేవు. పిట్టలు, పురుగులు అని పిల్లోళ్లకు నేర్పితే ఏమొస్తాది? వాటి సంగతి మనకెందుకయ్యా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. ఆమె ఎగతాళికి అడిగినది కాదు. వేరుశనగ చేను ఎండిపోయి, బోరు ఎండిపోయి, పెనిమిటి బెంగళూరికి కూలికి పోయిన యిల్లు ఆమెది. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు సీమ మనది. ఆ వానయు అదనుకు రాదు. ఇట్టి యింటివారితో పక్షులనుగూర్చి మాటలాడుట న్యాయమా? ఆకలిగొన్నవానికి అది పరిహాసమువలె నుండదా? ఈ ప్రశ్నను త్రోసివేయక ఆలోచింతము.

మొదట మ్యూజియము చేయు పని ఏమిటి? పేరు చెప్పుటయే గదా. ఈ పని చాల పాతది. దేవుడు సమస్త జంతువులను పక్షులను ఆదామునొద్దకు రప్పించి, వాటికి పేర్లు పెట్టు పనిని అతనికి అప్పగించెను. అయితే దానికి ముందే అతడు తోటను సేద్యపరచుటకును కాచుటకును ఉంచబడెనని చదువుచున్నాము. కనుక పేరు పెట్టుట యజమానుని దర్పము కాదు, కావలివాని పని. మన గొర్రెలకాపరిని చూడుడి. నల్లమచ్చది, కుంటిది, కొమ్ము విరిగినది అని ఒక్కొక్కదానిని ఎరిగియుండును గనుక, సాయంకాలము ఒకటి తగ్గినను వెంటనే కనుగొనును. ఎరుగనివాని కన్నులకు మంద ఎప్పుడును మందయే. పేరెరుగనివాడు తప్పిపోయినదానిని వెదకబోడు.

ఇందుకు మన సీమలోనే ఒక దృష్టాంతము కలదు. కలివి పొదల నడుమ రాత్రివేళ తిరుగు ఒక చిన్న పక్షిని మనవారు కలివి కోడి అందురు. జెర్డన్ అను సైన్యపు వైద్యునివలన 1848లో ఇది శాస్త్రజ్ఞులకు తెలియవచ్చెను. లండను మిషను పక్షమున కడప, గుత్తి ప్రాంతములలో సేవచేసిన హోవర్డ్ కాంప్‌బెల్ దొరగారు సువార్తతోపాటు పక్షులను, సీతాకోకచిలుకలను శ్రద్ధగా పరిశీలించిన వ్యక్తి. ఆయన 1900లో అనంతపురము దగ్గర పెన్నా లోయలో ఈ పక్షిని చూచెను. ఆ తరువాత 86 ఏండ్లు శాస్త్రజ్ఞులలో ఎవరికిని అది కనబడలేదు. మ్యూజియముల పెట్టెలలో దాచిన తోళ్లును, పుస్తకములలోని పేరును మాత్రమే మిగిలెను. ఇక లేదనియే అనేకులు తలంచిరి.

అయినను బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు వెదకుట మానలేదు. ఆ పెట్టెలును ఆ పేరును లేనియెడల వారు ఏమని వెదకియుందురు? 1986 జనవరిలో కడప జిల్లా లంకమల కొండల దగ్గర, ఆ పొదలనెరిగిన ఒక పల్లెవాసి రాత్రివేళ దానిని పట్టుకొనెను. చదువుకొన్నవారు పోగొట్టుకొన్నదానిని దొరకించినది అడవినెరిగిన పేదవాని కన్ను. అయితే పట్టబడిన ఆ పక్షి కొద్దికాలమునకే చచ్చెను. దొరికినదన్న సంతోషములోనే ఈ దుఃఖమును కలదు.

ఆ పక్షి గ్రుడ్డు సంగతియు వినుడి. కోలారు బంగారు గనులలో పశువైద్యుడైన యొక దొర 1917లో సేకరించిన గ్రుడ్డు స్కాట్లండులోని అబెర్డీన్ విశ్వవిద్యాలయపు మ్యూజియమునకు చేరి, అక్కడ ఎవరును గుర్తింపక పడియుండెను. అది కలివి కోడి గ్రుడ్డేయని 2013లో పరీక్షలవలన రుజువాయెను. అద్దము వెనుక నుంచినది నూరేండ్లు చెడక నిలుచును, నిజమే. కాని ఆ గ్రుడ్డునుండి పిల్ల ఎన్నటికిని పుట్టదు. మ్యూజియము జ్ఞాపకమును కాపాడగలదు గాని జీవమును కాపాడలేదు. జీవమును కాపాడవలసినది ఆ నేలమీద నివసించు మనమే.

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు వత్తము. ధర్మశాస్త్రములో ఒక చిన్న ఆజ్ఞ కలదు. త్రోవలో పక్షిగూడు కనబడినయెడల పిల్లలను తీసికొనవచ్చును, తల్లిని మాత్రము విడిచిపెట్టవలెను. ఆకలిగొన్నవాని చేతిని దేవుడు పూర్తిగా కట్టివేయలేదు. నీవును బ్రదుకుము, ఆ పక్షి వంశమును బ్రదుకనిమ్ము అని ఒక మేర యేర్పరచెను. యోవేలు ప్రవక్తయు కరవునుగూర్చి చెప్పునప్పుడు, గింజలు కుళ్లి కొట్లు పాడైన సంగతితోపాటు, మేతలేక పశువులు మూలుగుటయు, అడవి జంతువులు దేవునివైపు చూచి దప్పిచేత మొఱపెట్టుటయు చెప్పెను. కరవు మనకు వేరు, వాటికి వేరు కాదు. ఒకే చెరువు ఎండినప్పుడు మన కుండయు ఎండును, వాటి గొంతుకయు ఎండును.

చిలమత్తూరు దగ్గరనున్న వీరాపురము వారికి ఇది తెలియును. ఏటేట ఎర్రకాళ్ల కొంగలు ఆ యూరి చింతచెట్లమీద గూళ్లు కట్టుటకు వచ్చును. ఊరివారు వాటిని కొట్టరు, కొట్టనియ్యరు. అవి నిండుగా వచ్చుట మంచికాలమునకు గురుతని చెప్పుకొందురు. ఆ కొంగలకు చేపలు కావలెను, చేపలకు చెరువులో నీళ్లు కావలెను. కొంగ రానియెడల నష్టము కొంగకు మాత్రమే కాదు.

మరి నీళ్లకును పక్షికిని నిజముగా పోటీ వచ్చినప్పుడో? అదియు జరిగినది. ఎండిన సీమకు కృష్ణ నీరు తెచ్చు తెలుగుగంగ కాలువ, కలివి కోడి తిరుగు పొదల మీదుగానే పోవలసివచ్చెను. కొంత నేల పాడైన తరువాత అభ్యంతరములు వచ్చినవి. అప్పుడు కాలువను మానివేయలేదు, దాని దారిని మార్చిరి. మనుష్యునికి నీళ్లా, పక్షికి పొదయా అని అడిగిన చోట రెండును అని చెప్పుటకు వీలుండెను. ఎల్లప్పుడు ఇంత సుళువుగా నుండదు. కాని పక్షి పేరెరిగినవారు కొందరు లేనియెడల ఆ ప్రశ్నయే పుట్టదు, ఆ పొదలు ఊరకనే పోవును.

ఆ దినము నేను ఇన్ని మాటలు చెప్పలేదు. గూటిలోని తల్లి పక్షినిగూర్చిన ఆజ్ఞను మాత్రము చదివి వినిపించితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, పిల్లలవైపు తిరిగి, "చేన్లో తీతువ పిట్ట గుడ్లు పెట్టింటే మా నాయన మడక పక్కకు తిప్పుతాండె. ఆ మందం నేల దున్నకుండా ఇడిసిపెడతాండె. మాకు అప్పుడూ కరువే" అనెను. పిల్లలు తినుట మాని ఆమె చుట్టు చేరి, ఆ గ్రుడ్లు ఏ రంగు, ఎన్ని పెట్టును, పొదిగినదా అని అడుగసాగిరి. గంటసేపు మ్యూజియములో నేర్చినదానికంటె ఎక్కువ ఆ చెట్టు క్రింద వారు నేర్చుకొనిరి.

ప్రియులారా, మైసూరు అందరికిని దగ్గర కాదు. మన చెరువుగట్టు దగ్గర, మన గుట్ట దగ్గర. నెలకొక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట పిల్లలను అక్కడికి తీసికొనిపోవుడి. ఇంటిలోని అవ్వ తాతలను కూడ వెంటబెట్టుకొనుడి. వారెరిగిన పేర్లు వారితో మంటిపాలు కాకమునుపే పిల్లలు నేర్చుకొందురు గాక. ఒక్క పిచ్చుకయైనను మరచిపోవని తండ్రి, మడక త్రిప్పుటకు తగిన కన్నులును హృదయమును మనకు దయచేయును గాక. ఆమేన్.