ఉపవాసమునకు పారణ ఉన్నది

ధనుర్మాసము వచ్చునప్పటికి గుంటూరు, ప్రకాశం మండలముల నల్లరేగడి చేలలో ఒకవంక ప్రత్తి తీతలు సాగుచుండును, ఒకవంక మిరప పండుబారుచుండును. కూలికి పోవు తల్లులు సైతము ముక్కోటి ఏకాదశినాడు వేకువనే స్నానమాడి, మంగళగిరి దిగువ సన్నిధిలో ఉత్తరద్వార దర్శనమునకో, తమ ఊరి కోవెలకో పోయి, ఆ దినమంతయు ఉపవాసముందురు. మరునాడు ద్వాదశి ఘడియలలో స్వామికి నివేదించిన అన్నము తిని మరల చేనికి పోవుదురు.

ఇటీవల ఈ మర్యాదకు ఒక వింత రూపము వచ్చినది. ఒళ్లు తగ్గవలెనను తలంపుతో కొందరు యువతీయువకులు రోజునకు రెండు గ్లాసుల మజ్జిగతోనో, ఒక పండుతోనో వారముల తరబడి గడపుచున్నారు. "అన్నము తినవేమే తల్లీ?" అని పెద్దలడిగినచో "వ్రతములో ఉన్నాను నాయనమ్మా" అని తప్పించుకొందురు. వ్రతమనగానే నాయనమ్మ మారుమాటాడదు. అపాయమంతయు అందులోనే ఉన్నది.

ఉపవాసమనగా సమీపమున వసించుట. భగవంతుని సమీపమున అని పెద్దల వ్యాఖ్యానము. అన్నము మానుట దానికొక అంగము మాత్రమే. దశమినాడు ఏకభుక్తము, ఏకాదశినాడు నిరాహారము, ద్వాదశినాడు పారణ, ఈ మూడును కలిసి ఒక్క వ్రతము. భాగవత నవమ స్కంధములోని అంబరీషుని కథ భక్తులకు విదితమే. ఆ రాజర్షి సంవత్సరకాలము ద్వాదశీవ్రతము సలిపి, కార్తికమున మూడు రాత్రులు ఉపవసించి, పారణకు సిద్ధమగుచుండగా దుర్వాసుడు అతిథియై వచ్చి, స్నానమునకు యమునకు పోయి ఎంతకును తిరిగి రాడాయెను. ద్వాదశి ఇక అర ముహూర్తమే మిగిలినది, అనగా ఒక్క గడియ, 24 నిమిషములు. అతిథి భుజింపక తాను భుజించుట దోషము. పారణ తప్పుటయు దోషమే. అంబరీషుడు విప్రులనడిగి జలము మాత్రము పుచ్చుకొనెను. మహర్షి కోపమునకైనను వెరవక ఆయన కాపాడుకొన్నది ఆకలిని కాదు, పారణను.

ఇక కొవ్వు సంగతి. ఒక కిలో కొవ్వులో ఇంచుమించు 7,700 కేలరీల శక్తి నిలువయుండును. దినమునకు 2,000 కేలరీలు ఖర్చగు మనిషి ఒకనాడు పూర్తిగా పస్తున్నను, ఆ శక్తి యంతయు కొవ్వునుండియే వచ్చినదనుకొన్నను, కరగునది పావుకిలో పైచిల్లర. నిజమునకు అంతయు రాదు. కాలేయములోను కండరములలోను దాచిన పిండిపదార్థము మొదట ఖర్చగును, దానితో నీరు పోవును. త్రాసు మీద కనబడు తగ్గుదలలో హెచ్చు భాగము ఆ నీరే. పస్తు సాగినకొలది కొవ్వుతోపాటు కండయు కరగును. దేహము కరవు వచ్చినదనుకొని ఖర్చు తగ్గించుకొనును.

1944–45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున 36 మంది ఆరోగ్యవంతులగు యువకులకు 24 వారములు ఇంచుమించు సగము ఆహారమే పెట్టి పరీక్షించిరి. బరువు నాలుగవ వంతు తగ్గినది. కాళ్లు వాచినవి, ఒళ్లు చల్లబడినది, చిరాకు ముదిరినది, రేయింబవళ్లు తిండి తలపే తలపైనది. మరల తినసాగినప్పుడు కండకంటె ముందు కొవ్వే తిరిగి చేరినది. ఇంద్రియములను బిగబట్టి మనస్సుతో విషయములనే స్మరించువానిని గీత మిథ్యాచారుడన్నది. అన్నము చెంతనే వసించు మనస్సుతో చేయునది ఉపవాసమెట్లగును?

చరకుడు సూత్రస్థానమున స్థూలకాయుని గూర్చి చెప్పిన మాటలు వింతగొలుపును. స్థూలునికి జఠరాగ్ని తీవ్రము. భోజనవేళ మించినచో ఘోర వికారములు కలుగును. కావున కడుపునకు బరువై, పోషణలో తక్కువైన ఆహారమిచ్చి, వ్యాయామాదులను క్రమముగా పెంచుమన్నాడు. క్రమముగా అన్నాడు, ఒక్కసారిగా అనలేదు.

కఠినోపవాసమునకు మన నేలపై మహోదాహరణమున్నది. కనిగిరి సీమలోని పడమటిపల్లె పూర్వీకుల ఊరుగా గల పొట్టి శ్రీరాములుగారు 1946లో నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి కోవెలలో హరిజనులకు ప్రవేశము కోరి నిరాహారులైరి. 1952 అక్టోబరు 19న ఆంధ్రరాష్ట్రమునకై చెన్నపురిలో దీక్షబూని, 58వ దినమగు డిసెంబరు 15న తనువు చాలించిరి. ఆయనకు దాని మూల్యము తెలియును. తెలిసియే, పరులకొరకు చెల్లించిరి. నడుము సన్నబడుటకై అదే మూల్యము చెల్లింపబూనిన బిడ్డకు అది తెలియదు.

దినమునకు 800 కేలరీలకు తక్కువైన ఆహారమును వైద్యుని కనిపెట్టుబాటు లేక ఎవరును అవలంబింపరాదు. మధుమేహమునకు మందు వాడువారును, గర్భిణులును, బాలురును ఏకాదశి పస్తునకైనను ముందు వైద్యునడుగవలెను. బహుదినములు పస్తున్నవారికి ఒక్కసారిగా కడుపునిండ పెట్టుటయు ప్రాణాంతకము కావచ్చును. వ్రతభంగమగునని భయపడువారికి ధర్మశాస్త్రకారులే తెరపి చూపిరి. వ్రతమును చెరపనివి ఎనిమిది అని లెక్కించుచు జలము, మూలము, ఫలము, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాటలతో పాటు ఔషధమును గూడ చేర్చిరి. తొలి ఏకాదశినాడు ఈ పల్లెలలో బెల్లము కలిపి పంచు జొన్న పేలాల పిండి మాట ఆ జాబితాలో లేదు గాని, దానిని కాదన్న నాయనమ్మ ఈ సీమలో ఇంతవరకు లేదు.