అగాధమున ఆనందము

ఇండొనీషియా దేశమున, సులవేసి ద్వీపపు ఉత్తరాగ్రమందలి మనాడో నగరమునకు చేరువను బునాకెన్ అను చిన్నదీవి కలదు. 1991లో ఏర్పడిన జాతీయ సముద్రోద్యానమునకు దాని పేరే పెట్టిరి. దాని తీరమున పగడపుదిబ్బ కొంతదూరము సమముగ సాగి, హఠాత్తుగ నిలువుగోడవలె అగాధములోనికి దిగిపోవును. గాలిసీసాను వీపున దాల్చినవారు ఆ గోడ వెంట మునుగుదురు. పగడములును, తాబేళ్ళును, రంగురంగుల మీనములును వారి చూపును హరించును.

అపాయమును అచ్చటనే కలదు. పాదముల క్రింద నేల కానరాదు. ఎంత లోతునకు జారితిమో తెలియదు. 30 మీటర్ల లోతున పీడనము పైనున్నదానికి నాలుగింతలగును. ఆ ప్రాంతమున పీల్చుగాలిలోని నత్రజనియే మత్తు గొలుపవచ్చును. మత్తు సోకినవానికి భయముండదు, ఆనందమే తోచును. లోతుకొలతను చూచుటయే మరచును. తోడివాడు గుర్తించి, చేయిపట్టి మెల్లగ కొంత పైకి గొనివచ్చినచో ఆ మత్తు తానే విడిపోవును.

సాధకులారా! సుఖముగ నున్నంతమాత్రమున క్షేమముగ నున్నామని తలంపరాదు. ధ్యానమున కలిగిన స్వల్పతృప్తి, లోకుల పొగడ్త, "నేనింతవాడనైతిని" అను భావము, ఇవియు మత్తులే. జారుచున్నవానికి జారుట తెలియదు. కావుననే పెద్దలు ఆత్మపరిశీలనమును, సత్సంగమును విధించిరి. మొదటిది లోతుకొలత, రెండవది తోడివాని చేయి. ఆ చేయి పైకి లాగునపుడు కోపింపక లేచుటయే వినయము.