గొట్టం ఎటు తిప్పాలి?

మా శృంగవరపుకోటలో పొద్దున్నే ఘంటసాల భగవద్గీత వినిపిస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు ఒకే మాట అడుగుతారు: "ఎవులు పోనారు?" కృష్ణుడు ఏం చెప్తున్నాడో ఎవరికీ పట్టదు. మైకు సెట్టు అద్దెకిచ్చే ఇంట్లో పుట్టి, నాన్న తర్వాత ఆ పనే చేసినవాణ్ణి నేను. పుణ్యగిరి శివరాత్రికీ, పెళ్ళిళ్ళకీ, చావులకీ గొట్టం కట్టింది మేమే. గీత పెట్టి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేవాడికి పట్టుకునే ప్రశ్న ఒకటుంది. ఇక్కడ గీత చదువుతున్నది ఎవరు? ఆ ఫలం ఎవరిది? రికార్డు మీద ముల్లు పెట్టిన నాదా, డబ్బిచ్చిన కొడుకుదా, ఎప్పుడో పాడి వెళ్ళిపోయినాయనదా?

ఆ గొంతు తయారైంది మాకు దగ్గర్లోనే. విజయనగరంలో 1919లో గజపతుల సంగీత కళాశాల పెట్టారు, ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడు. కృష్ణా జిల్లా చౌటపల్లి కుర్రాడు ఘంటసాల అక్కడికొచ్చి, పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర చేరి, జోలె పట్టి మధుకరం ఎత్తుకుంటూ గాత్రం నేర్చుకున్నాడు. గురువు నోట్లోంచి శిష్యుడి చెవిలోకి, మళ్ళీ శిష్యుడి నోట్లోంచి గురువు చెవిలోకి. తప్పు పలికితే అక్కడికక్కడే దిద్దుబాటు. అలా నేర్చిన మనిషి చివరి రోజుల్లో, ఒంట్లో బాగులేకపోయినా, హెచ్.ఎం.వి. కోసం గీతలో నూరు పైచిలుకు శ్లోకాలు తెలుగు తాత్పర్యంతో సహా పాడాడు. 1974 ఫిబ్రవరి 11న పోయాడు. రికార్డు జనంలోకి వచ్చింది ఆ తర్వాతే. తెలుగువాళ్ళు ఆ గీతని మొదటిసారి విన్నదే పోయినవాడి గొంతులో. చావింటికి అది అంటుకుపోవడానికి ఇదీ ఒక కారణమని నా అనుమానం. రెండో అధ్యాయం ఎలాగూ ఉంది, పాత బట్టలు విడిచి కొత్తవి కట్టుకోవడం గురించి.

శబ్దం నిత్యమా కాదా అని మనవాళ్ళు ఎన్నో తరాలు కొట్టుకున్నారు. నిత్యమే, నోరు దాన్ని వెలికి తెస్తుందంతే అని మీమాంసకులు. పుడుతుంది, నశిస్తుంది, అల నుంచి అల పుట్టినట్టు చెవి దాకా వస్తుంది అని నైయాయికులు. గ్రామఫోను రికార్డు చేతికిస్తే ఇద్దరూ గెలిచామనే అంటారు. ముల్లు ఎత్తేశాక పాట ఎక్కడుంది? రికార్డు మీది గీతల్లోనే ఉంది, వ్యక్తం కాలేదంతే అంటాడు మీమాంసకుడు. ఉన్నది పాట కాదు, పాటకి కారణం; ముల్లు పెట్టిన ప్రతిసారీ కొత్త శబ్దం పుడుతోంది అంటాడు నైయాయికుడు. నా ఓటు రెండోవాడికే. మోగించే కొద్దీ రికార్డు అరగడం, గొంతు మీద గరగర పేరుకోవడం కళ్ళారా, కాదు, చెవులారా ఎరిగినవాణ్ణి. నిత్యమైనది అరగకూడదు కదా.

ఇంకో తమాషా. వేదం అపౌరుషేయం, చెప్పినవాడు లేడు అన్నది మీమాంసకుల ప్రాణం. రికార్డుకి మొట్టమొదట కావలసిందే పేరు. 1902లో గైస్‌బర్గ్ అనే ఆయన రికార్డు చేయడానికి కలకత్తా వచ్చి గాయని గౌహర్ జాన్ చేత పాడించినప్పుడు, ఆవిడ పాట చివర తన పేరు ఇంగ్లీషులో గట్టిగా చెప్పింది. ప్లేట్లు అచ్చయ్యేది జర్మనీలోని హనోవర్‌లో. ఏ పాట ఎవరిదో అక్కడివాళ్ళకి తెలియాలి మరి.

మా వీధి పంతులుగారు ఒకసారి నవ్వుతూ అన్నారు: "ఒరే బాబూ, నీ రికార్డుని మించిన నిష్కామకర్మి ఎవడ్రా? పాడుతుంది, ఫలం అడగదు." మాట బాగుంది గానీ నాకు నచ్చలేదు. కోరిక పుట్టే చోటే కోరిక విడవడానికి అర్థం. పుణ్యగిరి కొండరాయికీ కోరిక లేదు, దాన్ని యోగి అనం. అర్జునుడికి కోరికా ఉంది, భయమూ ఉంది, అందుకే అంత చెప్పాల్సి వచ్చింది.

పోనీ, రికార్డులో విన్నది విన్నట్టు కాదా? ఇక్కడ గీతే జవాబు చెప్తుంది. మనం చదివే గీత కృష్ణుడి నోటి నుంచి నేరుగా వచ్చింది కాదు. వ్యాసుడి వరంతో సంజయుడు విన్నాడు, విన్నది ధృతరాష్ట్రుడికి అప్పజెప్పాడు. అప్పటికే భీష్ముడు పడిపోయాడు, అంటే జరిగిపోయిన సంభాషణనే రాజుకి వినిపిస్తున్నాడు. రికార్డు వేయడానికీ దీనికీ పెద్ద తేడా లేదు. రాజు పద్దెనిమిది అధ్యాయాలూ విన్నాడు, ఒక్క అంగుళం కదల్లేదు. ఆయనకి కావలసింది కొడుకుల కబురు. దూరాన్నుంచి విన్నదే అయినా, తనతో చెప్పింది కాకపోయినా, సంజయుడికి తలచుకున్న కొద్దీ ఒళ్ళు గగుర్పొడిచింది. చివర్లో ఆ మాట తనే చెప్పుకుంటాడు. కాబట్టి తప్పు రికార్డుది కాదు, దూరానిదీ కాదు. శ్రవణం చెవి చేయాల్సిన పని. నవవిధ భక్తుల్లో దాన్ని మొదట పెట్టారంటే ఊరికే పెట్టలేదు. ముల్లు పెట్టినవాడికి కూలి దక్కుతుంది. ఫలం విన్నవాడిదే, నిజంగా వింటే.

శ్రవణభక్తికి బొమ్మ వేయమంటే నేను హెచ్.ఎం.వి. గుర్తులోని కుక్కనే చూపిస్తాను. దాని పేరు నిప్పర్. యజమాని పోయాక ఆయన సోదరుడు ఫ్రాన్సిస్ బరాడ్ అనే చిత్రకారుడి దగ్గరికి చేరింది. 1895లో అదీ పోయింది. ఆ తర్వాతే ఆయన ఆ బొమ్మ వేశాడు. 1899లో గ్రామఫోన్ కంపెనీ నూరు పౌండ్లకి కొనుక్కుంది. చచ్చిపోయిన కుక్క, తల ఒకపక్కకి వంచి, గ్రామఫోను గొట్టంలోకి చూస్తూ వింటూనే ఉంది. మా చావిళ్ళలో అంత శ్రద్ధగా విన్నవాళ్ళని తక్కువమందినే చూశాను. పాడె కట్టేవాడు తాడు కోసం కేకలేస్తాడు, అల్లుళ్ళు ఫోన్లు మాట్లాడతారు. ఎక్కడో గోడవార ఒక ముసలమ్మ మాత్రం తాత్పర్యం వచ్చిన చోటల్లా తల ఊపుతుంది.

అదే కుక్క బొమ్మ కింద 1963లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి వేంకటేశ్వర సుప్రభాతం వచ్చింది. అది బతికున్నవాళ్ళ ఇళ్ళలో దీపంతోపాటు వెలుగుతుంది. పోయినవాళ్ళకి గీత, ఉన్నవాళ్ళకి సుప్రభాతం అని పంచింది ఏ శాస్త్రమూ కాదు, మనమే. నిలబడి పని చేయాల్సిన మనిషికి చెప్పిన మాటని, ఇక లేవనివాడి తల దగ్గర పెట్టాం.

అందుకని చావింట్లో గీత పెట్టమంటే నేను గొట్టం లోపలి వసారా వైపు తిప్పి, శబ్దం తగ్గించేవాణ్ణి. కొందరికి కోపం వచ్చేది. వీధికి వినపడకపోతే డబ్బెందుకు ఇస్తున్నాం అని. వాళ్ళకి కావలసింది చాటింపు. అందులోనూ తప్పు లేదు, కబురు అందాలి. కానీ దానికి డప్పు ఉంది.

ఇప్పుడు వ్యాపారం మా అబ్బాయి చూస్తున్నాడు. రికార్డులు పోయి క్యాసెట్లు, క్యాసెట్లు పోయి పెన్‌డ్రైవ్. అందులో గీత "చావు" అన్న ఫోల్డర్లో ఉంది. తీసి సుప్రభాతం పక్కన పెట్టరా అన్నాను. "పెడతాను గానీ నాన్నా, పెళ్ళిలో పొరపాట్న అది మోగితే మళ్ళీ మనల్ని ఎవులు పిలుస్తారు?" అన్నాడు.